పితూరీ చెప్పిందెవరు?

‘‘తాతయ్యా, పితూరీ అంటే చాడీయే కదా?’’

‘‘అవునమ్మా.’’

‘‘మరి అల్లూరి సీతారామరాజు ఎవరి మీద చాడీలు చెప్పాడు?’’

మా మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతోంది. తమ్ముడి మీద రోజుకు పది నేరాలు మోసుకొస్తుంది. వంటింట్లోంచి వాళ్ళమ్మ ‘మళ్ళీ మొదలెట్టావా పితూరీలు’ అని కసురుతుంది. ఆ పిల్లకి తెలిసిన పితూరీ అదే. మొన్న ఏదో పుస్తకంలో ‘మన్యం పితూరీ’ అని కనిపించేసరికి దానికి వచ్చిన అనుమానం న్యాయమైనదే. నేను జిల్లా కోర్టులో ముప్ఫై ఏళ్ళకు పైగా అనువాదకుడిగా పనిచేశాను. తెలుగు కాగితం వస్తే ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు కాగితం వస్తే తెలుగులోకి. మాటకి అర్థం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. అయినా దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట వింటే నాకు వేరే సంగతి గుర్తుకొస్తుంది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

ముందు మాట సంగతి. పితూరీ ఉర్దూ గుండా మనకి వచ్చింది. ఫితూర్ అంటే అలజడి, గడబిడ. హిందీ సినిమావాళ్ళు ఈ మధ్య దాన్ని పిచ్చి ప్రేమ కిందికి మార్చేశారు గానీ, ఒకప్పుడు అది కచేరీల్లో కాగితాల మీద తిరిగిన మాట. గోదావరి, విశాఖ మన్యంలో జనం ఎదురు తిరిగిన ప్రతిసారీ దొరలు రికార్డుల్లో ‘ఫితూరీ’ అని రాసుకునేవారు. ఎదురు తిరిగినవాళ్ళు పితూరీదార్లు. తహసీల్దారు, జమీందారు, పితూరీదారు. వరసలో చదివితే అదీ ఒక ఉద్యోగమే అనిపిస్తుంది!

1879లో రంపలో లేచిన పితూరీకి కారణాలు చదివితే అవి నిజంగా ఫిర్యాదుల్లాగే ఉంటాయి. సొంతానికి గీసుకునే చెట్టు కల్లుకి పన్ను కట్టమన్నారు. పోలీసులు పీడించారు. మైదానం నుంచి వెళ్ళిన వర్తకులు అప్పు కాగితాలు పట్టుకుని కోర్టులో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని, కొండవాళ్ళ ఆస్తిని జప్తు చేసి పట్టుకుపోయేవారు. కోర్టు ఎక్కడో, కొండ ఎక్కడో. వాయిదా ఉందన్న సంగతి కూడా ప్రతివాదికి తెలియదు. ఆ డిక్రీల సంగతి చదివినప్పుడు కోర్టు అన్నం తిన్న మనిషిగా నాకు తల వంగింది. కల్లు మీద పన్ను వద్దు, పోలీసుల బాధ పడలేం, మా పశువులు మాకిప్పించండి. ఇది పితూరీయే, మా కోడలు తిట్టే అర్థంలో. వినేవాడు లేకపోయాక రెండో అర్థంలోకి మారింది. మనవరాలికి చివరికి నేను చెప్పిందీ ఇదే. తల ఊపి వెళ్ళిపోయింది గానీ నమ్మినట్టు లేదు.

మా అమ్మమ్మది గొలుగొండ దగ్గర పల్లె. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద సీతారామరాజు దళం పడినప్పుడు ఆవిడకి పదేళ్ళు. ఆవిడకి సంవత్సరాలు తెలియవు. ‘పితూరీ ముందు’, ‘పితూరీ తరవాత’ అని లెక్క. మా పెద్దమావయ్య పితూరీ తరవాత ఏడేళ్ళకి పుట్టాడు. ఇంటి ముందు చింతచెట్టు పితూరీ నాటికే పెద్దది. ఆ రోజుల్లో పగలు పోలీసులొచ్చి బియ్యం పట్టుకుపోయేవారనీ, రాత్రి ఎవరైనా తలుపు తడితే వాళ్ళ నాన్న దీపం ఆర్పేసేవాడనీ చెప్పేది. మలబారు పోలీసుల గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది, వాళ్ళింకా వీధి అరుగు మీద ఉన్నట్టు.

‘‘పితూరీదార్లంటే దొంగలా అమ్మమ్మా?’’ అని అడిగాను చిన్నప్పుడు.

‘‘ఆ మాట పోలీసోళ్ళది నాయినా. సంతకొచ్చిన కొండోళ్ళు సామి అనీవోరు.’’

అంతకంటే ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎవరి మాట ఎవరిదో అంత తేలిగ్గా విడదీసి చెప్పడం నాకు ఆ తరవాత ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో కూడా చేతకాలేదు.

జనాన్ని లేపే మాటలకి తెలుగులో కొదవలేదు. చిత్రమేమిటంటే సగానికి సగం పొయ్యి దగ్గర పుట్టినవే. ఎగదోయడం అంటే కట్టెని పొయ్యిలోకి ఇంకాస్త నెట్టడం. అగ్గి రాజేయడం, ఆజ్యం పోయడం, పుల్లలు పెట్టడం సరేసరి. ఉసిగొల్పడంలో కుక్కని ‘ఉస్కో’ అనే చప్పుడు వినిపిస్తుంది. సాక్షి బోనెక్కి ‘‘ఆడే ఎగదోసీసినాడు బాబూ’’ అంటాడు. రికార్డులో ‘ఏ-వన్ ఇన్‌స్టిగేటెడ్’ అని పడుతుంది. పొయ్యీ పోయింది, కట్టే పోయింది, మనిషి మాత్రం జైలుకి వెళ్ళే దారిలో పడ్డాడు. ‘తిరగబడ్డాడు’ ఇంకా కష్టం. గేదె తిరగబడుతుంది, కోడలు తిరగబడుతుంది, ఊరు తిరగబడుతుంది. మూడింటికీ ‘రివోల్ట్’ అని రాస్తే గేదె మీద కూడా కేసు పెట్టాల్సి వస్తుంది. ఇక ‘చంపేస్తాను’, ‘కాళ్ళు విరగ్గొడతాను’ సంగతి తెలిసిందే. అన్నం తినని పిల్లాడిని ఏ తల్లి అనదు ఆ మాట? దాన్ని ఇంగ్లీషులోకి దించి, కింద సంతకం పెట్టి చూడండి, ఎంత భయంకరంగా ఉంటుందో.

అసలు ఇంగ్లీషు ‘సెడిషన్’కి మూలమైన లాటిన్ మాటకి అర్థం విడిగా వెళ్ళడం. మన లెక్కలో వేరు కుంపటి. దానికి మనవాళ్ళు రాజద్రోహం అని పెట్టుకున్నారు. ద్రోహం అంటే నమ్మినవాణ్ణి ముంచడం. ఇష్టమై రాజుని నెత్తిన పెట్టుకున్నవాడు ఎదురుతిరిగితే ద్రోహం అనొచ్చు. అడగకుండా వచ్చి కూర్చున్నవాడి విషయంలో ద్రోహం ఎక్కడిది? ఈ ప్రశ్న అనువాదకుడు అడగకూడదు. కాగితంలో ఉన్నది దించడమే అతని పని.

శిక్షాస్మృతి 1860లో వచ్చింది. అందులోకి 124-ఎ సెక్షన్ని 1870లో చేర్చారు. సెడిషన్ అన్న మాట ఆ సెక్షను తలకట్టులోనే ఉంది, లోపల లేదు. లోపల ఉన్నది ‘డిస్‌అఫెక్షన్’. దాన్ని తెలుగు చేయమని నాకు ఒకసారి పని పడింది. అప్రీతి అని రాసి కొట్టేశాను. విద్వేషం అని రాసి మళ్ళీ కొట్టేశాను. 1897లో తిలక్ మీద విచారణ చేసిన జడ్జి, ప్రేమ లేకపోవడమే డిస్‌అఫెక్షన్ అన్నట్టు జ్యూరీకి చెప్పాడు. 1922 మార్చిలో అహ్మదాబాదులో గాంధీగారు అదే సెక్షను కింద నిలబడి, ప్రేమని చట్టంతో పుట్టించలేరని జడ్జిగారి ముందే చెప్పి, నేరం ఒప్పుకుని, ఆరేళ్ళ శిక్ష తీసుకుని వెళ్ళిపోయారు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని 1908లో ఒక వ్యాసానికి రాజద్రోహం కింద జైలుకి పంపారు. అక్కడెక్కడో తిరునల్వేలిలో జనం మీద కాల్పులు జరిగితే ఇక్కడ ఆయన కలం ఊరుకోలేదు. గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనం మీద పాట కట్టి ఊరూరా పాడినందుకు 1922లో ఏడాది జైలు. తెలుగు రాని కలెక్టరు ఆయన చేత ఆ పాట పాడించుకుని విన్నాడనీ, అర్థం తెలియకపోయినా జనం ఎందుకు ఊగిపోతున్నారో తెలిసిందన్నాడనీ చెప్పుకుంటారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నవలని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

వీళ్ళ కథలు అందరికీ తెలిసినవే. నా బుర్రలో తిరిగేది వేరే మనిషి. ఆ వ్యాసమో, ఆ పాటో నేరమని తేలాలంటే తెలుగు రాని దొరగారికి అది ఇంగ్లీషులో అందాలి కదా. దేశభాషల పత్రికల్లో ఏం రాస్తున్నారో చదివి, ముఖ్యమైనవి తర్జుమా చేసి సర్కారుకి పంపడానికి అప్పట్లో జీతగాళ్ళుండేవారు. తెలుగు పత్రికలు చదివినవాడు తెలుగు వచ్చినవాడే అయ్యుండాలి. బహుశా పద్యం కూడా వచ్చినవాడు. ఆ వ్యాసం చదివి లోలోపల ఒళ్ళు జలదరించి, పైకి మాత్రం కలం తీసి, ఏ మాటకి ఏ ఇంగ్లీషు మాట సరిపోతుందా అని తలగోక్కుని ఉంటాడు. పులి అని ఉంటే పులి అనే రాయాలి. మెత్తగా రాస్తే తన ఉద్యోగం పోతుంది, గట్టిగా రాస్తే రాసినవాడి బతుకు పోతుంది. అతని పేరు ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం అతను తెలుసు. పధ్నాలుగేళ్ళప్పుడు ఆ ఉద్యోగం నేనూ ఒక సాయంత్రం చేశాను.

1971లో తొమ్మిదో తరగతి. ఊళ్ళో హైస్కూలు లేక నన్ను హాస్టల్లో వేశారు. ఏ ఊరు, ఏ హాస్టలు అన్నది వదిలేయండి. సుమారు అరవైమందిమి. సత్తు పళ్ళేలు పట్టుకుని వరండాలో బారుగా కూర్చునేవాళ్ళం. ఆ ఏడాది వానాకాలంలో వచ్చిన బియ్యం నిండా తెల్ల పురుగులు. ఉడికాక మెతుకేదో పురుగేదో తెలిసేది కాదు. సాంబారు పోస్తే పైకి తేలేవి. కొందరు పళ్ళెం అంచుకి ఏరిపెట్టి తినేవాళ్ళం, కొందరు కళ్ళు మూసుకుని తినేవారు.

నా పక్క చాప వాడిది. ఇద్దరం ఒకే లాంతరు కింద చదివేవాళ్ళం. లెక్కలు వాడు నాకు చెప్పేవాడు, తెలుగు నేను వాడికి చెప్పేవాణ్ణి. వాళ్ళ నాన్న కూలీ, చదువు రాదు. కొడుకు హైస్కూలు దాకా వచ్చినందుకు ఊరంతా చెప్పుకుని మురిసేవాడు. నెలకోసారి బెల్లం అచ్చు తెచ్చి ఇచ్చేవాడు. అందులో సగం నాది.

ఒక రాత్రి వాడు పళ్ళెం తీసుకుని లేచాడు. వార్డెను గది ముందు బల్ల ఉంటే దాని మీద పెట్టి, ‘‘సార్, మీరొక్క ముద్ద తినండి’’ అన్నాడు. అంతే. అరవలేదు, తిట్టలేదు. వాడి వెనకాల ఇంకొకడు వెళ్ళి పెట్టాడు. తరవాత ఇంకొకడు. బల్ల నిండిపోతే నేల మీద పెట్టారు. నలభై పళ్ళేలు దాకా ఉంటాయి. లైటు కింద బారుగా సాంబారు పొగలు కక్కుతూ. నేను లేవలేదు. లేవాలనిపించింది. కానీ నా ఫీజు మినహాయింపు కాగితం మీద వార్డెను సంతకం ఇంకా పడలేదు.

మర్నాడు ఆయన మా ముగ్గుర్ని, బుద్ధిమంతుల్ని, గదిలోకి పిలిచాడు. ‘ఎవడు మొదలెట్టాడు?’ అన్నాడు. మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు. నేను చెప్పాను. కొట్టలేదు, బెదిరించలేదు. ఊరికే అడిగాడు, చెప్పేశాను. ఆ హాస్టల్లో అలా రెండు పితూరీలు జరిగాయి. రాత్రి వాడిది, పొద్దున నాది.

అక్కడితో అయిపోలేదు. వార్డెనుది కోడి గీతల రాత. నాది స్కూల్లో బహుమతి వచ్చిన గుండ్రటి రాత. సాయంత్రం పిలిచి తెల్లకాగితం ఇచ్చి, తండ్రికి ఉత్తరం రాయమన్నాడు. ఆయన చెబుతుంటే నేను రాశాను. ‘మీ కుమారుడు తోటి విద్యార్థులను’ అన్నాక ఆగి, మాట కోసం వెతుక్కున్నాడు. ‘‘లేవదీసి... కాదు కాదు, ఏమంటార్రా దాన్ని?’’ అన్నాడు. తెలుగులో ఫస్టు మార్కు నాది. ‘‘తిరుగుబాటుకు పురికొల్పి, సార్’’ అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ‘‘అదీ! రాయి’’ అన్నాడు. చిన్న మాట అడిగితే పెద్ద మాట ఇచ్చాను. వాడన్నది ఒక్క ముద్ద తినమని. నా రాతలోకి వచ్చేసరికి అది తిరుగుబాటు అయింది.

మూడో రోజు వాళ్ళ నాన్న వచ్చాడు. టీసీ చేతిలో పెట్టారు. వాడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గ్రౌండులో ఉన్నాను, కావాలనే.

ఆ తరవాత నేను చదివాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అన్నీ వరసగా జరిగాయి. కోర్టులో ఎవరి మీదైనా ‘రెచ్చగొట్టాడు’, ‘పురికొల్పాడు’ అన్న కాగితం వస్తే మాత్రం రెండుసార్లు చదివేవాణ్ణి. అసలు ఆ మనిషి అన్నది ఏమిటి అని వెతికేవాణ్ణి. తరచుగా అది కాగితంలో ఉండేది కాదు. ఏమన్నాడో ఉండదు, అన్నదాని పేరు మాత్రం ఉంటుంది. 1962లో సుప్రీంకోర్టు కేదార్‌నాథ్ సింగ్ కేసులో, ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా తిట్టినా సరే, హింసకో శాంతిభంగానికో దారితీసేలా ఉంటేనే ఆ సెక్షను వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడల్లా, మా వార్డెను బల్ల మీద నలభై పళ్ళేలు ఏ కోవలోకి వస్తాయా అని ఆలోచించేవాణ్ణి. నవ్వొచ్చే ఆలోచనే. మరి నాకు నవ్వు రాలేదు.

ఆ సెక్షన్ని 2022 మే నెలలో సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహిత వచ్చి, పాతదాని స్థానంలో 152వ సెక్షను పెట్టారు. అందులో రాజద్రోహం అన్న మాట లేదు. సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రత అని ఉంది. పేపర్లలో ఇప్పుడు దేశద్రోహం అని రాస్తున్నారు. రాజు పోయాడు, దేశం వచ్చింది, ద్రోహం మాత్రం కదల్లేదు. ఆ ద్రోహాల వరసలో మిత్రద్రోహం కూడా ఉంది గానీ దానికి ఏ సంహితలోనూ సెక్షను లేదు.

2017లో, రిటైరైన ఏడాది, అనకాపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరో చెప్పారు, వాడు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తున్నాడని. వెళ్ళాను. తల పూర్తిగా నెరిసిపోయింది. అయినా గుర్తుపట్టాను. వాడు నాకంటే ముందే గుర్తుపట్టి, ‘‘ఏట్రా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?’’ అన్నాడు. బెల్లం దిమ్మల పక్కన పీట వేశాడు. పిల్లల గురించి అడిగాడు. కోర్టు ఉద్యోగం అంటే, ‘‘రాతకోతల పనా? నీకు తగ్గదే’’ అన్నాడు. నేను నలభై ఆరేళ్ళుగా దాచుకున్నది ఎలా మొదలుపెట్టాలో తెలియక, ‘‘ఒరే, ఆ ఉత్తరం...’’ అన్నాను.

‘‘నీ రాత నాకు తెల్దేటిరా’’ అన్నాడు, కాటా మీంచి చూపు తిప్పకుండానే.

వాళ్ళ నాన్నకి చదువు రాదని చెప్పాను కదా. ఉత్తరం అందగానే మనిషి హడలిపోయాడట. చదివి పెట్టడానికి ఊళ్ళో ఎవరినీ అడగలేదు. ఏముందో ఏమో, పరువు పోతుందని. మడిచి జేబులో పెట్టుకుని హాస్టలుకి వచ్చి, టీసీ తీసుకుని, దారిలో బస్సు దిగాక ఒక చెట్టు కింద కూర్చుని, కాగితం కొడుకు చేతికే ఇచ్చి చదవమన్నాడట. వాడు నా గుండ్రటి అక్షరాలు చూసి, మొదటి లైనులోనే పోల్చుకున్నాడు. అయినా చదివాడు, మొత్తం.

‘‘పురికొల్పడమంటే ఏటిరా అనడిగాడు మా అయ్య. అన్నం బాగోలేదన్నానయ్యా, అదీ అన్నాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను. కాసేపు ఏటీ మాటాడలేదు. మరి బాగోలేదంటే ఇంత పెద్దగా రాస్తారేట్రా అన్నాడు.’’

ఇది చెబుతూ వాడు నవ్వాడు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. క్షమించరా అన్నానో లేదో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. అని ఉంటాను. వాడు వినిపించుకోలేదు. టీ తెమ్మని ఒక కుర్రాణ్ణి కేకేసి, నా వైపు తిరిగి, ఎప్పట్నుంచో అడగాలనుకున్నట్టు అడిగాడు.

‘‘అది సరే గానీ, ఆ రాత్రి నువ్వు తిన్నావా?’’

‘‘తిన్నాను. ఏరుకుని తిన్నాను.’’

‘‘ఎలాగుంది?’’

‘‘బాగోలేదురా’’ అన్నాను.